ఆ చేతికి ఓ వాయిద్యం ఇస్తే...

మైనర్లు చేసిన నేరం వార్తల్లోకెక్కిన ప్రతిసారీ మనం అడిగేది ఒకటే: శిక్ష ఎంత? ఆ పిల్లలు హోమ్‌లో ఉన్నన్నాళ్లూ పొద్దుటి నుంచి రాత్రిదాకా ఏం చేస్తారన్నది మాత్రం ఎవరికీ పట్టదు. ఆ ఖాళీ గంటల్లోకి సంగీతాన్ని తీసుకెళ్లినవాళ్లు కొన్ని దేశాల్లో ఉన్నారు. ఫలితం కొన్నిచోట్ల అబ్బురపరిచింది. కొన్నిచోట్ల గేటు దాటగానే చెదిరిపోయింది.

1912 డిసెంబరు 31, రాత్రి. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ కొత్త ఏడాది కోసం మేలుకునే ఉంది. ఆ ఊళ్లో ఆ రాత్రి టపాసులతో పాటు తుపాకులు పేల్చడమూ మామూలే. చిల్లర డబ్బుల కోసం వీధుల్లో పాటలు పాడుతూ తిరుగుతున్న పిల్లల జట్టు ఒకటి రాంపార్ట్ వీధికి చేరింది. ఎదురుపడిన ఓ కుర్రాడు బొమ్మ తుపాకీతో టపటపా పేల్చి వాళ్లను ఆటపట్టించాడు. జట్టులో ఉన్న లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు రోషం వచ్చింది. లూయీ దగ్గరున్నది నిజం తుపాకీ. తల్లితో కలిసి ఉంటున్న మనిషిది, అడక్కుండా తెచ్చుకున్నాడు. అందులో ఉన్నవి గుండు లేని ఉత్త తూటాలే. గాల్లోకి పేల్చేసరికి ఎదుటివాడు పరుగందుకున్నాడు. జట్టంతా కేరింతలు. అవి ఇంకా సద్దుమణగకముందే వెనక నుంచి రెండు చేతులు లూయీని చుట్టేశాయి. డిటెక్టివ్!

ఆ రాత్రి లాకప్‌లో గడిచింది. మర్నాడు బాలల కోర్టు అతణ్ని నల్లజాతి పిల్లల కోసం నడుస్తున్న వెయిఫ్స్ హోమ్‌కు పంపింది. ఎన్నాళ్లకో చెప్పలేదు. జనవరి 2న అక్కడి పత్రికలో చిన్న వార్త వచ్చింది. అందులో లూయీ ‘పాత నేరస్థుడు’. అంతకుముందు 1910లోనూ అదే హోమ్‌కు వెళ్లొచ్చాడు మరి. ఇంతకీ ఆ పాత నేరస్థుడి వయసు 11.

చిడతల నుంచి కార్నెట్ దాకా

ఆ హోమ్‌ను 1906లో జోసెఫ్ జోన్స్ అనే మాజీ సైనికుడు మొదలుపెట్టాడు. అంతకుముందు ఆ ఊళ్లో నల్లజాతి పిల్లలు తప్పు చేస్తే పెద్దవాళ్ల జైల్లోనే పడేసేవారు. పేరుకు హోమ్ అయినా నడిచేది సైనిక శిబిరంలా. బ్యూగిల్ మోగితే లేవాలి, బ్యూగిల్ మోగితే తినాలి. చెక్క తుపాకులతో కవాతు, నేల కడగడం, తప్పు చేస్తే కొరడా దెబ్బలు. అన్నం లేకుండా ఉత్త చిక్కుడు గింజలు పెట్టారని మొదటి మూడు రోజులూ లూయీ కంచం పక్కకు తోసేశాడట. నాలుగో రోజు ఆకలికి ఆగలేక అందరికన్నా ముందు బల్ల దగ్గర కూర్చున్నాడు. 1954లో వచ్చిన ఆత్మకథలో ఇదంతా తనే రాసుకున్నాడు.

అక్కడో బ్యాండు ఉండేది. నేర్పే మాస్టారు పీటర్ డేవిస్. లూయీ పెరిగిన పేటంటేనే ఆయనకు గిట్టదు, అక్కడి పిల్లలంతా చెడిపోయినవాళ్లేనని ఆయన నమ్మకం. కుర్రాడు రోజూ గుమ్మం దగ్గర నిలబడి సాధన వింటున్నా లోపలికి రమ్మనలేదు. నెలలు గడిచాక ఓ రోజు పిలిచి చేతిలో టాంబరిన్ పెట్టాడు. మన చిడతల్లాగా తాళం వేసుకునేదే తప్ప రాగం పలకదు. అది సరిగ్గా వాయించాక డ్రమ్. ఆ తర్వాత ఆల్టో హార్న్. ఆపైన బ్యూగిల్. చిలుము పట్టి పచ్చబడ్డ ఆ బ్యూగిల్‌ను తోమి తోమి మెరిసేలా చేశాడు లూయీ. చివరికి కార్నెట్, అంటే ట్రంపెట్ లాంటి బాకా, చేతికొచ్చింది. ఇంకొన్నాళ్లకు బ్యాండు నాయకుడయ్యాడు.

ఈ వరుసను కాస్త ఆగి చూడాలి. తొలిరోజే కార్నెట్ ఇచ్చి ‘నీలో గొప్ప ప్రతిభ ఉంది నాయనా’ అనలేదు డేవిస్. ఒక్కో వాయిద్యం లూయీ వాయించి చూపించాకే తర్వాతిది ఇచ్చాడు. పైగా అసలు నచ్చని పిల్లాడి మీద అభిప్రాయం మార్చుకున్నాడు. పిల్లాడు మారడం గురించి అందరూ రాస్తారు, మాస్టారు మారడం గురించి రాసినవాళ్లు తక్కువ. నన్నడిగితే ఈ కథలో కీలకమైనది అదే.

తర్వాత ఓ ఊరేగింపు. హోమ్ బ్యాండు లూయీ సొంత పేటకే వెళ్లింది. ముందు నాయకుడి టోపీతో లూయీ, వెనక బ్యాండు. జూదగాళ్లు, దొంగలు, వేశ్యలు, కూలీలు ఇళ్లలోంచి పరుగున వచ్చారు. మే ఆన్ కొడుకేనా ఇలా వాయిస్తోంది అని లూయీ తల్లిని నిద్రలేపి మరీ తీసుకొచ్చారు. టోపీలు చాపితే చిల్లర నిండిపోయింది. ఆ డబ్బుతో బ్యాండుకు కొత్త బట్టలు, కొత్త వాయిద్యాలు వచ్చాయి.

1914 జూన్ 16న లూయీ విడుదలయ్యాడు. సాధారణంగా కథ ఇక్కడి నుంచి అతనికి పేరొచ్చిన షికాగోకు దూకేస్తుంది. మధ్యలో ఏం జరిగిందో చెప్పరు. విడుదలైనప్పుడు కార్నెట్ హోమ్‌లోనే ఉండిపోయింది, అది హోమ్ ఆస్తి. బయటికొచ్చిన పిల్లాడు బొగ్గు బండి తోలాడు. వాయించాలంటే ఎవరిదో ఒకటి అరువు తెచ్చుకోవాలి. అప్పటికే పేరున్న కార్నెట్ విద్వాంసుడు జో ఆలివర్ అతణ్ని చేరదీసి, పాఠాలు చెప్పి, తన పాత కార్నెట్ ఒకటి ఇచ్చాడు. 1922లో షికాగోకు పిలిపించుకున్నదీ ఆయనే. ఆ తర్వాత లూయీ జాజ్ సంగీత దిగ్గజంగా ఎదిగిందంతా చరిత్రే. అంటే లూయీకి ఇద్దరు గురువులు దొరికారు, గేటు లోపల ఒకరు, బయట ఒకరు. రెండోవాడు లేకుంటే మొదటివాడి కష్టం బొగ్గులో కలిసిపోయేదేమో!

అలాగని సంగీతం నేర్పితే హోమ్‌కు ఒక ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టుకొస్తాడనుకుంటే పొరపాటు. ఆ బ్యాండులో వాయించిన పిల్లల్లో చాలామంది పేర్లు లోకానికి తెలియవు. ఈ విద్య పనికొచ్చిందా లేదా అన్నది తేల్చాల్సింది వాళ్ల బతుకులే.

300 పదాల వ్యాసం

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2024 మేలో పుణెలో 17 ఏళ్ల కుర్రాడు నడిపిన పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. గంటల్లోనే బెయిలు వచ్చింది. షరతుల్లో ఒకటి, రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయడం. దేశం భగ్గుమంది. కొద్ది రోజుల్లోనే ఆ కుర్రాణ్ని అబ్జర్వేషన్ హోమ్‌కు పంపారు. ఆ కోపం న్యాయమైనదే. అయితే దాంతో పాటు ఇంకొకటీ జరిగింది. మైనర్లను బాగుచేయడం అనే మాట వినపడితే చాలు ‘వ్యాసం రాయిస్తారా’ అని నవ్వేయడం అలవాటైపోయింది.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మైనర్ల మీద దేశవ్యాప్తంగా నమోదైన కేసులు 30,555. పట్టుబడినవాళ్లలో ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురు 16-18 ఏళ్ల మధ్యవాళ్లే. వీళ్లలో పోర్షే నడిపేవాళ్లు ఎందరుంటారు? సెల్‌ఫోన్ కొట్టేసినవాడు, బండి దొంగిలించినవాడు, కొట్లాటలో కత్తి తీసినవాడు, గంజాయి పొట్లం చేరవేసినవాడు... హోముల్లోకి వచ్చేది ఎక్కువగా ఇలాంటి పిల్లలు. ఏదో ఒకరోజు వీళ్లంతా తిరిగి మన వీధుల్లోకే వస్తారు. 18 నిండకముందు చేసిన నేరానికి, అది ఎంత ఘోరమైనదైనా, విడుదలకు అవకాశమే లేని యావజ్జీవం గానీ ఉరి గానీ మన చట్టంలో లేదు.

> చట్టం ఏమంటోంది?
>
> జువైనల్ జస్టిస్ చట్టం, 2015 ఈ పిల్లల్ని నేరస్థులని పిలవదు, ‘చట్టంతో ఘర్షణపడ్డ బాలలు’ అంటుంది.
>
> విచారణ సాగుతున్నంతకాలం ఉంచేది అబ్జర్వేషన్ హోమ్. తప్పు తేలాక పంపేది స్పెషల్ హోమ్, అక్కడ గరిష్ఠంగా 3 ఏళ్లు.
>
> విచారణ 4 నెలల్లో ముగియాలి. అవసరమైతే ఇంకో 2 నెలలు.
>
> 16 దాటినవాళ్ల మీద ఘోరమైన నేరాభియోగం ఉంటే, పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అన్నదానిపై జువైనల్ జస్టిస్ బోర్డు ముందుగా మదింపు చేస్తుంది.
>
> పిల్లల పేరు, ఫొటో, చిరునామా బయటపెడితే 6 నెలల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.
>
> హోముల్లో అందించాల్సిన సేవల్లో చదువు, వృత్తి శిక్షణ, కౌన్సెలింగ్‌తో పాటు ఆటలు, సాంస్కృతిక కార్యక్రమాలూ ఉన్నాయి.

క్లారినెట్ ఇచ్చారు, వెనక్కి అడగలేదు

వెనెజువెలాలో 1975లో హోసే ఆంటోనియో అబ్రెయు అనే ఆర్థికవేత్త కారు గ్యారేజీలో 11 మంది పిల్లలతో వాద్య బృందం మొదలుపెట్టాడు. ‘ఎల్ సిస్తెమా’గా పేరుపడ్డ ఆ పని తర్వాతి రోజుల్లో లక్షల మంది పిల్లలకు విస్తరించింది. లాస్ ఏంజెలిస్ ఫిల్‌హార్మోనిక్‌కు 2009లో సంగీత సారథి అయిన గుస్తావో దుదమెల్ అందులో తయారైనవాడే. వీధి పిల్లల దగ్గరికీ, బాల నిర్బంధ కేంద్రాల్లోకీ వాయిద్యాలు తీసుకెళ్లడం వాళ్ల పనిలో భాగం. 2007 నుంచి పెద్దల జైళ్లలోనూ వాద్య బృందాలు పెట్టారు.

రాజధాని కరకస్‌లోని బాల నిర్బంధ కేంద్రంలో ఉన్న ఓ టీనేజి కుర్రాడి సంగతి అక్కడ బాగా ప్రసిద్ధం. దోపిడీలు, మత్తుమందుల కేసుల్లో అప్పటికే తొమ్మిదిసార్లు అరెస్టయ్యాడు. క్లారినెట్ చేతికిస్తే వేళాకోళం అనుకున్నాడట. నాలాంటివాడికి ఎవరైనా ఇంత ఖరీదైన వస్తువు ఇస్తారా, ఎత్తుకుపోతానని భయం ఉండదా అని. కాసేపటికి అర్థమైంది, అరువు ఇవ్వలేదు, పూర్తిగా ఇచ్చేశారని. తర్వాత అదే వాయిద్యం పిల్లలకు నేర్పే స్థాయికి ఎదిగాడు. న్యూ ఆర్లీన్స్ హోమ్ చేయనిది ఇక్కడ జరిగింది. వాయిద్యం పిల్లాడితో పాటు గేటు దాటింది.

ఎల్ సిస్తెమాకు భజన చేసేవాళ్లే ఎక్కువ కాబట్టి రెండోవైపూ చెప్పాలి. జెఫ్రీ బేకర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 2014లో రాసిన పుస్తకంలో దాన్ని గట్టిగా తూర్పారబట్టాడు. పైవాడు చెప్పింది కింది పిల్లాడు చేయడమే తప్ప మాట్లాడే చోటు లేదని, విజయగాథల ప్రచారం ఎక్కువని ఆయన ఆరోపణ. 2017లో ఇంకో అధ్యయనం వచ్చింది. 6-14 ఏళ్ల పిల్లలు దాదాపు 2,900 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును ముందు చేర్చుకుని, రెండో జట్టును ఏడాది ఆపి చూశారు. ముందు చేరినవాళ్లలో నిగ్రహం పెరిగింది. గొడవ పడే తీరు తగ్గింది, ముఖ్యంగా హింస మధ్య పెరిగిన మగపిల్లల్లో. అదే అధ్యయనంలో చేదు నిజం ఒకటి బయటపడింది. పేదల కోసమని పెట్టిన ఈ తరగతుల్లో చేరినవాళ్లలో పేదల శాతం చుట్టుపక్కల జనాభాలో ఉన్నదానికన్నా తక్కువ!

నిర్బంధంలో ఉన్న పిల్లల మీదైతే పరిశోధన ఇంకా పలచన. 2013లో ప్రచురితమైన ఓ సమీక్ష అప్పటికున్న అధ్యయనాలన్నీ తిరగేసింది. అవి తక్కువ, చాలామటుకు చిన్నవి. పిల్లలు చెప్పుకొన్న మార్పు బాగానే ఉంది. కానీ అంకెల్లో రుజువు నిలకడగా లేదు. ఎవరైనా వచ్చి సంగీతంతో నేరాలు ఇంత శాతం తగ్గుతాయని బల్లగుద్ది చెబితే నమ్మకండి.

సోలో ఎవరికీ లేదు

బ్రిటన్‌లో ‘గుడ్ వైబ్రేషన్స్’ అనే సంస్థ 2003 నుంచి జైళ్లలోకీ, కుర్రాళ్లను ఉంచే కేంద్రాల్లోకీ ఇండొనేసియా గేమలాన్‌ను తీసుకెళ్తోంది. కంచు గంటలు, పలకలు, గాంగ్‌లు ఉండే ఈ వాద్య సముదాయాన్ని ఎన్నుకోవడంలో తెలివి ఉంది. ముందే వాయించడం వచ్చినవాడంటూ ఎవరూ ఉండరు, అందరికీ కొత్తే. తొలి గంటలోనే అందరూ కలిసి ఏదో ఒకటి పలికించగలరు. ఒకడు రెచ్చిపోతే మొత్తం పాట చెడుతుంది కాబట్టి పక్కవాణ్ని వినక తప్పదు. చెప్పులు విప్పి కూర్చోవాలి, వాయిద్యాన్ని దాటకూడదు. కాలు తగిలితే కళ్లకద్దుకునే మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అక్కడి కుర్రాళ్లకు మాత్రం ఒక వస్తువును గౌరవించడం అన్నదే కొత్త పాఠం.

గుడ్ వైబ్రేషన్స్ సూత్రం మనకు అరువు తెచ్చుకోవాల్సినంత దూరంలో లేదు. తెలంగాణలో డప్పు, ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు, రాయలసీమలో చెక్కభజన అన్నీ జట్టుగా, అడుగులు కలిపి వాయించేవే. బోనాల్లోనో, నిమజ్జనంలోనో తీన్‌మార్ వినపడితే కాళ్లు ఆగని పిల్లలకు సరళీ స్వరాలతో మొదలుపెడితే మూడో రోజుకు ఆవలిస్తారు. చేతికి తెలిసిన దరువుతోనే మొదలుపెట్టాలి. శాస్త్రీయం తక్కువదని కాదు, దానికి నెలలు కావాలి. అబ్జర్వేషన్ హోమ్‌లో పిల్లాడు ఎన్నాళ్లుంటాడో ఎవరికీ తెలియదు. రేపు బెయిలొస్తే రేపే వెళ్లిపోతాడు.

డప్పుతో చిక్కూ ఉంది. తోలు డప్పును మంట మీద కాచితేనే పలుకుతుంది, హోమ్ ఆవరణలో మంటకు ఏ సూపరింటెండెంటు ఒప్పుకుంటాడు? ఇప్పుడు ఫైబర్ డప్పులు వచ్చాయి, కాచనక్కర్లేదు. తోలు నాదం రాదని పెద్ద కళాకారులు పెదవి విరుస్తారనుకోండి. గిటార్ అయితే ఉక్కు తీగల భయం. ఇంకో చిక్కు మనం తెచ్చిపెట్టుకున్నది. డప్పుకు కులం ముద్ర వేసిన ఊళ్లు మనవి. ఆ వాయిద్యం పట్టుకోవడానికి సిగ్గుపడే పిల్లాడూ ఉంటాడు, పట్టుకున్నవాణ్ని వెక్కిరించేవాడూ ఉంటాడు. ముందు మాస్టారు దాన్ని ఎలా పట్టుకుంటాడన్నదే అక్కడ పాఠం.

‘సార్, ర్యాప్ నేర్పుతారా’ అని అడిగే కుర్రాళ్ల మాటేమిటి? నేర్పొచ్చు. తొలి ప్రయత్నంలో బూతులూ కత్తులూ వస్తాయి. బెంబేలెత్తి ఆపేయిస్తే తర్వాతి పాట రాదు. ఒక్క హద్దు మాత్రం గట్టిగా గీయాలి. కేసు సంగతులు, మనుషుల పేర్లు పాటలో వద్దు. అమెరికాలో ర్యాప్ సాహిత్యాన్ని కోర్టుల్లో సాక్ష్యంగా చూపిన కేసులు ఎన్నో ఉన్నాయి. 2022లో కాలిఫోర్నియా దానికి కళ్లెం వేస్తూ ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. విచారణలో ఉన్న పిల్లాడు ఆవేశంలో రాసుకున్న నాలుగు పాదాలు అతని మెడకే చుట్టుకోకూడదు.

చప్పట్లు ఎవరు కొట్టాలి?

తెలుగువాళ్లకు చెరసాల, పాట అనగానే గోల్కొండలో రామదాసే గుర్తొస్తాడు. ఆయన పాట తెలిసి లోపలికి వెళ్లినవాడు. ఈ పిల్లల్లో చాలామందికి లోపలికి వెళ్లాకే మొదటిసారి ఏదో ఒకటి వచ్చని తెలుస్తుంది. అది నలుగురి ముందు రుజువు కావాలి. లూయీని సొంత పేట చూసింది, తల్లి చూసింది. మన దగ్గర ఆ ఊరేగింపు కుదరదు. పేరూ మొహమూ బయటపెట్టకూడదని చట్టం అంటోంది, అది అనాల్సిన మాటే. స్వాతంత్య్ర దినోత్సవానికి హోమ్ పిల్లలతో పాడించి ఫోన్లతో వీడియో తీసి పెట్టేసే ఉత్సాహవంతులు ఈ సంగతి తెలుసుకోవాలి. మరి చప్పట్లు? తల్లిదండ్రుల్ని పిలవొచ్చు. వార్డెన్లు, వంటమనిషి, బోర్డు సభ్యులు కూర్చోవచ్చు. కొడుకు వాయిదాకు వచ్చి తలదించుకుని వెళ్లే తల్లి, వాడు దరువు తప్పకుండా వాయించడం చూడటానికి ఒక్కరోజు వస్తే, అదేమీ చిన్న సభ కాదు.

ఇక్కడ బాధితుల ప్రశ్న ఒకటి ఉంటుంది. ‘మా పిల్లాణ్ని పొడిచినవాడికి పాటలా?’ దీనికి తీయటి జవాబు లేదు. సంగీతం విచారణకు బదులు కాదు, శిక్షకు బదులు కాదు, పశ్చాత్తాపానికి రుజువు అంతకన్నా కాదు. బాగా వాయించాడు కాబట్టి బెయిలివ్వండి అనే వాదన ఎవరైనా తెస్తే మొదట కొట్టిపారేయాల్సింది సంగీతం మాస్టారే. లోపల ఉన్నన్నాళ్లూ పిల్లాడు ఎవరి దగ్గర ఏం నేర్చుకుంటాడన్నదే ఇక్కడ ప్రశ్న. ఏమీ నేర్పకుండా వదిలేస్తే నేర్పడానికి పక్క మంచం మీద ఇంకో కుర్రాడు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాడు.

గేటు బయట ఎవరున్నారు?

ఈ ప్రయత్నాలు ఎక్కువగా దెబ్బతినేది విడుదల రోజునే. లోపల వారానికోసారి మాస్టారు, వాయిద్యం, జట్టు ఉంటాయి. బయట అవేవీ ఉండవు. పాత స్నేహితులు మాత్రం మొదటి సాయంత్రమే వస్తారు. సంరక్షణ కేంద్రాల నుంచి బయటికొచ్చిన 18-21 ఏళ్ల వాళ్లకు ఆర్థికంగానో ఇంకోలాగానో తోడు అందించాలని మన చట్టంలోనూ ఉంది. ఆ తోడులో ఒక డప్పు, బస్తీలో ఒక జట్టు, ఒక గురువు ఫోన్ నంబరు ఎందుకు ఉండకూడదు? పెళ్లి ఊరేగింపులకూ, పండగలకూ తీన్‌మార్ జట్లు తిరుగుతూనే ఉంటాయి. వాయించడం వచ్చినవాడికి నాలుగు రూపాయలొచ్చే పనే అది. జో ఆలివర్ అంతటివాడు అక్కర్లేదు. రేపు సాయంత్రం ప్రాక్టీసుకు రా అనే ఒక్క మనిషి చాలు.

హైదరాబాద్ సైదాబాద్ హోమ్ గోడ పక్క నుంచి రోజూ వెళ్లే పాఠకులున్నారు. ఇతర నగరాల హోముల పక్కనా ఉన్నారు. మీకు డప్పో, తబలానో, కీబోర్డో వచ్చి ఉంటే సూపరింటెండెంట్‌ను గానీ, జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని గానీ కలిసి అనుమతి అడగండి. అయితే ఒక షరతు. పుట్టినరోజుకు కేకుతో పాటు ఒక్క పూట పాట తీసుకెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు మళ్లీ రారని పిల్లలకు బాగా తెలుసు. వారానికి ఒక్క గంటైనా సరే, ఏడాది పాటు మానకుండా వెళ్లగలననుకుంటేనే ఆ దరఖాస్తు పెట్టండి.